పుట్టుకతో ఎవరికీ రాదు

మన ఇళ్ళలో ఈమధ్య మనవల గురించి చెప్పుకునే గొప్పల్లో మొదటిది ఇది: "మావాడికింకా మాటలు సరిగ్గా రాలేదండీ, ఫోన్ చేతికిస్తే చాలు, వాడే యూట్యూబ్ తెరిచి కావలసింది పెట్టుకుంటాడు." చెప్పే తాతగారి మురిపెం చూసి వినేవాళ్ళు కాదనరు. "ఈకాలం పిల్లలండీ, పుట్టుకతోనే వచ్చేస్తోంది" అని తమ వంతుగా ఓ మాట కలుపుతారు. ఇంట్లో ఈ ముచ్చట వల్ల ఎవరికీ నష్టం లేదు. అదే మాట యూనివర్సిటీ పాలకమండలిలో, కాలేజీ స్టాఫ్ రూములో, ఆన్‌లైన్ పోర్టళ్ళు రూపొందించే అధికారుల బుర్రల్లో సిద్ధాంతమై కూర్చుంటేనే చిక్కు. పద్దెనిమిదేళ్ళ విద్యార్థికి కంప్యూటర్ గురించి ప్రత్యేకంగా నేర్పాల్సిన పనే లేదని, యాభై ఏళ్ళ విద్యార్థికి ఎంత నేర్పినా ఎక్కదని అక్కడ నిశ్చయమైపోతుంది. ఆ నిశ్చయం మీద టైమ్‌టేబుళ్ళు తయారవుతాయి, ఫీజు గడువులు పడతాయి, పరీక్షల నోటిఫికేషన్లు వస్తాయి.

ఈ నమ్మకానికి పాండిత్యపు ముసుగు తొడిగినవాళ్ళలో ముఖ్యుడు అమెరికన్ రచయిత మార్క్ ప్రెన్‌స్కీ. అంతకు ముందే, 1998లో, డాన్ టాప్‌స్కాట్ 'నెట్ జనరేషన్' గురించి ఊదరగొట్టే పుస్తకం రాశాడు గానీ, జనం నోట నానింది మాత్రం ప్రెన్‌స్కీ మాటే. 2001 అక్టోబరులో 'ఆన్ ద హొరైజన్' పత్రికలో వచ్చిన చిన్న వ్యాసంలో ఆయన లోకాన్ని నిలువునా రెండుగా చీల్చాడు. కంప్యూటర్లూ వీడియో గేమ్‌లూ చుట్టూ ఉండగా పుట్టి పెరిగినవాళ్ళు 'డిజిటల్ నేటివ్స్'. వయసొచ్చాక వాటి దగ్గరికి చేరినవాళ్ళు 'డిజిటల్ ఇమిగ్రెంట్స్'. మొదటి రకం వాళ్ళ మెదళ్ళే భౌతికంగా మారిపోయి ఉండవచ్చన్నంత దూరం వెళ్ళాడు. రెండో రకం వాళ్ళు ఎంత నేర్చినా పాత యాస పోదన్నాడు. ఈమెయిల్ పంపి, అందిందా లేదా అని మళ్ళీ ఫోన్ చేసి అడగడం ఆ యాసకు గుర్తట.

వ్యాసం మొత్తం గాలించినా ఆయన ఏ కాలేజీకైనా వెళ్ళి విద్యార్థులను కొలిచిన దాఖలా కనబడదు. కనబడేది ఆయన కంపెనీ తయారుచేసిన ఒక ఆట. ఇంజనీర్లకు డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్పడానికి 'ద మంకీ రెంచ్ కాన్‌స్పిరసీ' అని ఓ కంప్యూటర్ గేమ్ చేశామనీ, కుర్రాళ్ళు దాన్ని బాగా అందుకున్నారనీ రాసుకున్నాడు. చదువులన్నీ ఆటల రూపంలోకి రావాలన్నది ఆయన సూచించిన వైద్యం. ఆ మందు దొరికే కొట్టు కూడా ఆయనదే. కొట్టు నడిపేవాడు చెప్పిందల్లా అబద్ధం కానక్కర్లేదు. కానీ ఆ మాటను పరీక్షించకుండా విద్యాశాఖలు, విశ్వవిద్యాలయాలు, కన్సల్టెంట్లు ఏళ్ళ తరబడి వల్లెవేశారంటే తప్పు అమ్మినవాడిది కాదు, కొన్నవాళ్ళది. ఆస్ట్రేలియాకు చెందిన స్యూ బెన్నెట్, కార్ల్ మేటన్, లీసా కెర్విన్ 2008లో ఈ వాదాలన్నిటినీ ఒకచోట పోగేసి చూశారు. ఇంత ధీమాగా చెబుతున్నదానికి ఆధారం ఇంత పలచగానా అని తేల్చారు. వాళ్ళ వ్యాసం ప్రెన్‌స్కీ వ్యాసమంత షికారు చెయ్యలేదు, చెయ్యదు కూడా. "ఈతరం వేరు" అన్నది ఉపన్యాసానికి పనికొచ్చినట్టు "ఆధారం లేదు" అన్నది పనికిరాదు.

సరే, పరీక్షించాలంటే ఎక్కడ పరీక్షించాలి? పద్దెనిమిది నుంచి ఇరవై రెండు లోపు పిల్లలే ఉండే కాలేజీలో వయసు ప్రభావం ఏం తెలుస్తుంది? అన్ని వయసుల వాళ్ళూ ఒకే సిలబస్ చదివే చోటు కావాలి. అలాంటి చోటు బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ. 1969లో ఏర్పడి 1971 నుంచి విద్యార్థులను చేర్చుకుంటున్న ఆ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికి పాత మార్కుల జాబితాలతో పనిలేదు, వయసుతో అసలే పనిలేదు. 2010 జూన్‌లో అక్కడి పరిశోధకులు ఆన్ జెల్ఫ్స్, జాన్ రిచర్డ్‌సన్ ఇరవైల్లో ఉన్నవాళ్ళ నుంచి డెబ్బై దాటినవాళ్ళ దాకా 7,000 మంది విద్యార్థులకు ప్రశ్నావళి పంపారు. 4,000 మందికి పైగా జవాబిచ్చారు. ఏ పరికరాలు ఉన్నాయి, వాటితో ఎంతసేపు గడుపుతారు, వాటంటే ఇష్టమా అయిష్టమా, చదువును ఎలా చదువుతారు అని అడిగారు. ఫలితాలు 2013లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఎడ్యుకేషనల్ టెక్నాలజీ'లో వచ్చాయి.

ఎదుటి పక్షానికి అనుకూలమైనవి ముందు చెబుతాను, దాచడం దేనికి? అన్ని వయసుల్లోనూ దాదాపు అందరికీ కంప్యూటర్, ఇంటర్నెట్ ఉన్నాయి. మిగతా పరికరాలు మాత్రం చిన్నవాళ్ళ దగ్గరే ఎక్కువ. వాటితో ఎక్కువసేపు గడిపేదీ చిన్నవాళ్ళే, వాటంటే మక్కువ ఉన్నదీ వాళ్ళకే. అంటే వయసుతో తేడా ఉంది. అది లేదని నేను వాదించడం లేదు, ఆ పరిశోధకులూ వాదించలేదు.

కానీ ప్రెన్‌స్కీ చెప్పింది తేడా ఉందని కాదు కదా. రెండు జాతులున్నాయన్నాడు. అదే నిజమైతే 1980 తర్వాత పుట్టినవాళ్ళకూ ముందు పుట్టినవాళ్ళకూ మధ్య, అంటే ఆ సర్వే నాటికి ముప్ఫై ఏళ్ళ వయసు దగ్గర, లెక్కలు ఒక్కసారిగా విరిగిపడాలి. ఇరవై ఎనిమిదేళ్ళవాడు ఒక ఒడ్డున, ముప్ఫై మూడేళ్ళవాడు అవతలి ఒడ్డున కనబడాలి. అలాంటి విరుగు ఎక్కడా లేదు. ఇరవైల నుంచి డెబ్బైల దాకా నిదానంగా దిగే వాలు ఉందంతే. వాలు ఉన్నచోట గోడ ఉందని చెప్పి, ఆ గోడకు అటువాళ్ళు ఇటు రాలేరని తీర్పివ్వడం, ఆ తీర్పును విద్యావిధానం అనడం ఏం న్యాయం?

అదే సర్వేలో మన పెద్దలకూ మన కుర్రాళ్ళకూ సమానంగా మింగుడుపడని సంగతి మరొకటి ఉంది. విషయాన్ని లోతుగా అర్థం చేసుకుని, ఒక పద్ధతి ప్రకారం చదివే అలవాటు వయసు పైబడినవాళ్ళలోనే ఎక్కువ. పైపైన బట్టీ కొట్టే అలవాటు వాళ్ళలో తక్కువ. ఇక్కడ పెద్దలు మీసం మెలేసే లోపు రెండో సగం కూడా వినాలి: ఏ వయసువాళ్ళలోనైనా సరే, టెక్నాలజీ అంటే సుముఖంగా ఉన్నవాళ్ళే లోతుగా చదివేవాళ్ళుగా కూడా తేలారు. "ఫోన్లొచ్చి చదువులు చెడిపోయాయి" అనే వర్గానికీ, "ఫోన్లే చదువు నేర్పేస్తాయి" అనే వర్గానికీ ఆ సర్వేలో పట్టుకోవడానికి కొమ్మ దొరకలేదు.

వయసొక్కటే కాకపోతే మరేమిటి తేడా తెచ్చేది? షికాగోలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం విద్యార్థులను వెయ్యిమందికి పైగా పరిశోధకురాలు ఎస్తెర్ హర్గిట్టాయ్ పరిశీలించింది. 2010లో దాని మీద ఆమె వ్యాసం వచ్చింది. అందరిదీ ఇంచుమించు ఒకే వయసు, ఒకే క్యాంపస్. ప్రెన్‌స్కీ లెక్కలో అందరూ పుట్టు నేర్పరులే. తీరా చూస్తే వాళ్ళ ఇంటర్నెట్ నైపుణ్యంలో బోలెడు తేడాలు. తల్లిదండ్రులు ఎంత చదివారు, అబ్బాయా అమ్మాయా, ఏ జాతి కుటుంబం నుంచి వచ్చారు అన్నవాటిని బట్టి నైపుణ్యం పెరిగింది, తరిగింది. మన భాషలో చెప్పాలంటే కులం, డబ్బు, ఆడ మగ తేడా, ఊరు. వీటి పేరెత్తడానికి ఇష్టంలేనివాళ్ళకు 'తరం' అనే మాట ఎంత సౌకర్యమో! తరానికి కులం ఉండదు, తరానికి రిజర్వేషన్ అడగరు, తరానికి ల్యాప్‌టాప్ కొనిపెట్టక్కర్లేదు.

ఇక మన దగ్గరికి రండి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం కంప్యూటర్ ఉన్న ఇళ్ళు పట్టణాల్లో 23.4 శాతం, పల్లెల్లో 4.4 శాతం. ఆ లెక్క తర్వాత కోవిడ్ వచ్చింది, ఆన్‌లైన్ పాఠాలొచ్చాయి, చాలా ఇళ్ళకు స్మార్ట్‌ఫోన్ వచ్చింది. 2023 'అసర్' విద్యా నివేదిక పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ళ పిల్లలను చూసింది. ఫోన్ వాడటం దాదాపు అందరికీ వచ్చు. అయితే వాడటం వచ్చిన మగపిల్లల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్ళు 43.7 శాతం, ఆడపిల్లల్లో 19.8 శాతం. ఒకే ఊళ్ళో, ఒకే వయసు మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య ఇంత ఎడం. దీనికి 'తరం' ఏం సమాధానం చెబుతుంది?

జూన్ నెలలో తెలంగాణలో ఏ మండల కేంద్రంలోనైనా డిగ్రీ అడ్మిషన్ల సమయానికి నెట్ సెంటర్‌లో ఓ అరగంట నిలబడండి. 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. ఇంటర్ పాసైన అమ్మాయి, పక్కన తండ్రి. కుర్చీలో ఉన్నది మాత్రం నెట్ సెంటర్ కుర్రాడు. ఆధార్‌కు లింకైన నెంబరు తండ్రిది. ఓటీపీ ఆయన ఫోన్‌కొస్తుంది, ఆయన కళ్ళజోడు వెతుక్కుని అంకెలు ఒక్కొక్కటే చదువుతాడు. అమ్మాయికి మెయిల్ ఐడీ లేదంటే ఆ కుర్రాడే ఒకటి సృష్టిస్తాడు. పాస్‌వర్డ్ అతనే పెట్టి, జిరాక్స్ కాగితం వెనక రాసిస్తాడు. వెబ్ ఆప్షన్లు కూడా, ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అన్నది, క్యూలో వెనకున్నవాళ్ళు తొందరపెడుతుంటే అతనే నొక్కేస్తాడు. రెండేళ్ళ తర్వాత స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర ఆ మెయిల్ కావలసివస్తుంది. కాగితం ఉండదు, నెట్ సెంటర్ కుర్రాడు ఊరు మారిపోయి ఉంటాడు. ఆ అమ్మాయి చేతకానిదా అంటే, అదే ఫోన్‌లో పాటకు తగ్గట్టు ముక్కలు కోసి, రంగులద్ది, అక్షరాలు పరుగెత్తించి రీల్ చేస్తుంది. ఆ పని నాకు రాదు. ఆ నేర్పును నేను చిన్నచూపు చూడను. అయితే ఆ నేర్పు నుంచి ఈ నేర్పు దానంతటదే పుట్టుకొస్తుందని అనుకోవడమే వెర్రి.

డిగ్రీ మొదటి సంవత్సరం ల్యాబులో కూర్చున్నవాళ్ళకు ఈ సంభాషణ కొత్త కాదు.

"ఫైల్ ఎక్కడ సేవ్ చేశావమ్మా?"

"వర్డ్‌లో చేశాను సార్."

"వర్డ్‌లో కాదు, ఏ ఫోల్డర్‌లో?"

మౌనం. ఆ పిల్ల తప్పేముంది? ఫోన్‌లో ఫోల్డర్ కనబడదు. ఫొటో గ్యాలరీలో ఉంటుంది, పాట పాటల యాప్‌లో ఉంటుంది, వచ్చినవన్నీ వాట్సాప్‌లో ఉంటాయి. వస్తువును ఒకచోట పెట్టి, పేరు పెట్టి, రేపు అదే చోట వెతుక్కోవాలన్న ఆలోచనే అవసరం లేకుండా ఫోన్ తయారైంది. అసైన్‌మెంట్‌ను పీడీఎఫ్‌గా పంపమంటే చేత్తో రాసిన పన్నెండు పేజీలను పన్నెండు ఫొటోలుగా పంపిస్తారు, నాలుగోది తలకిందులుగా. ఎక్సెల్ షీటులో మార్కులు కూడమంటే ఫోన్‌లోని కాలిక్యులేటర్ తీసి కూడి, మొత్తం తెచ్చి గడిలో టైపు చేస్తారు. ఇవి తెలివితక్కువతనాలు కావు, ఎవరూ చెప్పని సంగతులు. చెప్పనిది ఎందుకంటే, వాళ్ళకు వచ్చని అందరం ముందే అనుకున్నాం కాబట్టి.

ఎమ్మే తెలుగు విద్యార్థుల సంగతి మరీ చిత్రం. రోజుకు వందల మెసేజులు కొట్టే చేతులే. అందులో చాలాభాగం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. డిసర్టేషన్ దగ్గరికొచ్చేసరికి రాతప్రతి పట్టుకుని డీటీపీ సెంటర్‌కు పరుగు. అక్కడ కీబోర్డు వైపు చూడకుండా పేజీలకు పేజీలు తెలుగు కొట్టి, పాత అను ఫాంట్ల ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చి, ఫుట్‌నోట్లు సర్ది పెట్టే మనిషికి యాభై అయిదేళ్ళుంటాయి. ఇక్కడ ఎవరు ఎవరికి నేర్పాలి? తాతకు దగ్గులు నేర్పబోవడమంటే ఇదే.

అసలు తెలుగువాళ్ళం ఈ తరాల సిద్ధాంతాన్ని నమ్మడమంత విడ్డూరం మరొకటి లేదు. తొంభైల్లో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో, మెట్ల మీద కూడా కూర్చుని, కోబాల్, ఒరాకిల్, జావా నేర్చుకున్న గుంపులను మరిచిపోయామా? వాళ్ళలో చాలామంది కాలేజీకి వెళ్ళేదాకా కంప్యూటర్ మొహం చూడలేదు. ఆ బ్యాచ్‌ల వాళ్ళే వైటూకే పనుల మీద అమెరికా వెళ్ళారు, హైటెక్ సిటీ కుర్చీలు నింపారు. ఇవాళ వాళ్ళ వయసు యాభై చుట్టుపక్కల. 1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' పేరుతో కంప్యూటర్లొచ్చినప్పుడు, అప్పటిదాకా దస్తావేజులు చేత్తో నకలు రాసుకున్న గుమాస్తాలు వాటి మీద పని నేర్చుకున్నారు. బ్యాంకు లెడ్జర్లు కంప్యూటర్‌కెక్కినప్పుడు క్యాషియర్లు నలభై దాటాక నేర్చుకున్నారు. వీళ్ళెవరికీ పుట్టుకతో రాలేదు. ఉద్యోగం అడిగింది, శిక్షణ ఇచ్చారు, పక్క సీటువాడు చూపించాడు, తప్పులు పోయేదాకా రోజూ చేశారు. నేర్పు వచ్చే దారి ఎప్పుడూ అదొక్కటే.

మన దగ్గర కూడా ఓ ఓపెన్ యూనివర్సిటీ ఉంది, దేశంలోనే మొదటిది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకుంది. ఆదివారం ఆ విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రం ఉన్న డిగ్రీ కాలేజీలో క్లాసులోకి తొంగిచూస్తే జెల్ఫ్స్, రిచర్డ్‌సన్‌లు కాగితాల మీద చూసిన అన్ని వయసులవాళ్ళూ కళ్ళముందు బెంచీల మీద కనబడతారు. సూపర్‌మార్కెట్‌లో పనిచేసే ఇరవై రెండేళ్ళ కుర్రాడు, బిల్లింగ్ మెషీన్ కొట్టడంలో దిట్ట, సొంత మెయిల్ మాత్రం తెరవలేడు. నలభై ఆరేళ్ళ అంగన్‌వాడీ టీచర్, రోజూ పోషణ్ ట్రాకర్ యాప్‌లో పిల్లల బరువులు, ఎత్తులు ఎక్కించి ఎక్కించి, సర్వర్ పడుకుంటే ఏం చెయ్యాలో, ఏ ఎంట్రీ ఎక్కడ ఇరుక్కుపోయిందో ఎలా కనుక్కోవాలో చెప్పగలదు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఎక్సెల్‌లో తన పింఛను లెక్కలు వేసుకునేవాడు, ఇన్‌స్టాగ్రామ్ ఏమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. వీళ్ళను వయసువారీగా వరసలో నిలబెడితే ఏమీ అర్థం కాదు. ఏ పని చేస్తారో, ఇంట్లో ఏ పరికరం ఉందో, ఎవరు నేర్పారో అడిగితే అంతా అర్థమవుతుంది.

మోసాల మాట ఎత్తుతారు కొందరు. పెద్దవాళ్ళు ఓటీపీలు చెప్పేస్తారట, 'డిజిటల్ అరెస్ట్' అంటే వణికిపోయి లక్షలు పంపేస్తారట. పంపేస్తున్నారు, నిజమే. కానీ 2020 చివర్లో హైదరాబాద్ పోలీసులు కేసులు పెట్టిన లోన్ యాప్‌ల వలలో పడి, కాంటాక్టులన్నీ అప్పగించి, బంధువుల ముందు పరువు పోగొట్టుకున్నవాళ్ళలో కుర్రవాళ్ళు లేరా? వీడియోలకు లైకులు కొడితే కమీషనంటూ మొదలయ్యే పార్ట్‌టైమ్ ఉద్యోగాల మోసానికి కాలేజీ పిల్లలు బలికావడం లేదా? పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని మన సామెత పుట్టింది ఇంటర్నెట్ కోసం కాకపోయినా దీనికి అతికినట్టు సరిపోతుంది. 2016లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలో పన్నెండు రాష్ట్రాల్లో మిడిల్ స్కూల్ నుంచి కాలేజీ దాకా పిల్లలకు పరీక్షలు పెట్టి, 7,804 జవాబులు సేకరించారు. మిడిల్ స్కూల్ పిల్లల్లో 80 శాతం మందికి పైగా, 'స్పాన్సర్డ్ కంటెంట్' అని స్పష్టంగా రాసి ఉన్న ప్రకటనను కూడా వార్తే అనుకున్నారు. తెర మీద వేళ్ళు చకచకా కదలడం వేరు, తెర మీద ఉన్నది నమ్మాలో లేదో తేల్చుకోవడం వేరు. రెండోది నేర్పాల్సింది విశ్వవిద్యాలయం కాకపోతే మరెవరు?

నా కోపమంతా ఇక్కడే. "వీళ్ళకు వచ్చు" అన్న నమ్మకం నేర్పాల్సినవాళ్ళకు సెలవిచ్చేస్తుంది. పోర్టల్ పెట్టేస్తారు, లింకు గ్రూపులో పడేస్తారు, "చూసుకోండి, మీరు ఈ జనరేషన్ కదా" అంటారు. వారానికో గంట ఉన్న కంప్యూటర్ క్లాసును సిలబస్ పూర్తికాని సబ్జెక్టువాళ్ళు పట్టుకుపోతారు. వెనకబెంచీ పిల్లవాడు తనకు రాదని చెప్పలేడు, ఎందుకంటే రాకపోవడం ఆ వయసులో ఉండకూడని జబ్బు. ఊళ్ళో అందరూ "మావాడికి ఫోన్‌లో తెలియనిది లేదు" అని మురిసే ఇంటి నుంచి వచ్చినవాడికి మరీ చెప్పలేనితనం. గడువు చివరి రాత్రి నెట్ సెంటర్‌కు యాభయ్యో వందో ఇచ్చి గండం గడిపేస్తాడు. మూడేళ్ళూ అలాగే గడిపి పట్టా తీసుకుని, మొదటి ఉద్యోగంలో మేనేజర్ ఎక్సెల్ ఫైల్ పంపిన రోజు దొరికిపోతాడు.

రెండో వైపున జరిగేది ఇంకా నిశ్శబ్దమైన అన్యాయం. నలభై దాటాక చదువు మళ్ళీ మొదలుపెట్టిన తల్లి హాల్ టికెట్ డౌన్‌లోడ్ చెయ్యడానికి కూర్చుంటే కొడుకు ఫోన్ లాక్కుంటాడు: "ఇటివ్వమ్మా, నీకు రాదు." రెండు నిమిషాల్లో చేసి ఇచ్చేస్తాడు, ప్రేమగానే. మళ్ళీ ఆర్నెల్లకు ఇంకో హాల్ టికెట్, మళ్ళీ "ఇటివ్వమ్మా." ఆవిడకు రాకపోవడానికి కారణం వయసని అందరూ అంటారు, ఆవిడతో సహా. ఆవిడ చేతిలో ఆ పని ఒక్కసారైనా చివరిదాకా ఉండనిచ్చారా అని ఎవరూ అడగరు. కొంత ఎడం వయసు వల్ల వస్తే, మిగతా ఎడం ఈ నమ్మకమే తవ్వుతోంది. చూపు ఆనకపోవడం, వేళ్ళు బిగుసుకోవడం, డబ్బులు పోతాయేమోనన్న బెదురు, ఇవి నిజమైన ఇబ్బందులే. వీటికి పెద్ద అక్షరాలు, తెలుగులో సూచనలు, తప్పు నొక్కితే వెనక్కి వెళ్ళే వీలు ఉన్న పోర్టల్ కావాలి. అలాంటి పోర్టల్ ఇరవై ఏళ్ళవాడికీ సుఖమే.

చివరికి మిగిలే వాదం ఒకటుంది: "ఇప్పుడున్న పెద్దవాళ్ళు వెళ్ళిపోతే సమస్య దానంతటదే తీరుతుంది." 2001లో ప్రెన్‌స్కీ వ్యాసం వచ్చేనాటికి కాలేజీలో ఉన్న నేటివ్‌లకు ఇప్పుడు నలభై ఏళ్ళు దాటాయి. వాళ్ళ పిల్లలు వాళ్ళను చూసి "నాన్నా, నీకు తెలియదు, ఇటివ్వు" అంటున్నారు. ప్రెన్‌స్కీ సైతం 2009కల్లా ఆ చీలిక మాట పక్కనపెట్టి 'డిజిటల్ వివేకం' అనే కొత్త మాట ఎత్తుకున్నాడు. ఆయన మారాడు, మన స్టాఫ్ రూములు మారలేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. అప్పుడే "ఈ పిల్లలకు ఏఐ పుట్టుకతోనే వస్తుంది" అని వేదికల మీద వినబడుతోంది. ఏఐ అల్లిన లేని పుస్తకాల పేర్లను అసైన్‌మెంట్ చివర యథాతథంగా అంటించి ఇచ్చే విద్యార్థిని చూసినవాళ్ళు కూడా అంటున్నారు. లేని పుస్తకాన్ని పట్టుకోవాలంటే లైబ్రరీ క్యాటలాగులో వెతకడం రావాలి. అది పెద్దవాళ్ళకూ కొందరికే వచ్చు, చిన్నవాళ్ళకూ కొందరికే వచ్చు.

కాబట్టి అడ్మిషన్ అయిన మొదటి వారంలోనే ప్రతి విద్యార్థినీ సిస్టమ్ ముందు కూర్చోబెట్టి నాలుగు పనులు చెప్పండి: సొంత మెయిల్ తెరిచి ఒక ఫైల్ జతచేసి పంపడం, పంపిన ఫైల్‌ను మళ్ళీ వెతికి తియ్యడం, పది లైన్లు తెలుగులో టైపు చెయ్యడం, ఒక వార్త నిజమో కాదో రెండు వేరే చోట్ల చూసి చెప్పడం. చేతకానివాళ్ళకు ఒక సెమిస్టర్ పాటు వారానికి రెండు గంటలు నేర్పండి, పక్కపక్కనే కూర్చోబెట్టి, పందొమ్మిదేళ్ళవాడినీ యాభై రెండేళ్ళావిడనీ. ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు, కొత్త పరికరాలూ అక్కర్లేదు. చాలా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ల్యాబ్ ఉంది. ప్రాక్టికల్స్ లేని వేళల్లో తాళం వేసి ఉంటుంది. ఆదివారం అధ్యయన కేంద్రం క్లాసులు జరిగేది కూడా అదే భవనంలో. తాళంచెవి ఎవరి దగ్గరుందో ప్రిన్సిపాల్ గారికి తెలుసు.